మొక్కజొన్న నుంచి స్టార్చ్ చిన్న స్థాయిలో తీయొచ్చా? నంద్యాల వైపు రైతులం, తెలిసినవాళ్లు చెప్పండి

కేసీకెనాల్_రైతు:
అందరికీ నమస్కారం. మాది నంద్యాల దగ్గర పల్లె, వరి తర్వాత మా వైపు మొక్కజొన్నే ఎక్కువ. 2025-26కి మద్దతు ధర క్వింటాల్‌కు 2400 అని పేపర్లో చదువుకోవడమే, కోత టైముకి అమ్మబోతే తేమ ఎక్కువుందని చెప్పి ధరలో కోత పెట్టేస్తారు. అందుకే పదిమంది రైతులం కలిసి గింజ అమ్మే బదులు స్టార్చ్ తీసి అమ్మితే ఎట్లుంటుందని మాట్లాడుకుంటున్నాం. నా డౌటు ఏందంటే, షాపులో కొనే కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ తెల్లగా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే కిర్రుమంటుంది. అదే మా ఊరి మరలో ఆడిస్తే పసుప్పచ్చ పిండి వస్తుంది, కొన్నాళ్లకే ముక్కిన వాసన కొడుతుంది. ఇది మెషిన్ తేడానా? బాగా మెత్తగా ఆడించి సన్న జల్లెడ పడితే స్టార్చ్ అవుతుందా? గ్లూకోజ్, సార్బిటాల్ కూడా దీంతోనే చేస్తారంట, అది మనలాంటోళ్లకు అయ్యే పనేనా?

స్టీప్‌హౌస్_షిఫ్ట్:
తమ్ముడూ, నేను స్టార్చ్ ఫ్యాక్టరీలో స్టీపింగ్ సెక్షన్‌లో, అంటే గింజ నానబెట్టే చోట, చాలా ఏళ్లు పనిచేసినా, ఇప్పుడు కర్నూలులోనే ఉంటున్నా. ముందు ఒక్క మాట, ఎంత మెత్తగా ఆడించినా పిండి పిండే. మొక్కజొన్న గింజలో తేమ తీసేస్తే 70 శాతం దాకా స్టార్చే ఉంటుంది, కానీ ఆ స్టార్చ్ రేణువుల చుట్టూ ప్రొటీన్ గోడ కట్టినట్టు పట్టుకుని ఉంటుంది, మధ్యలో నూనెతో నిండిన మొలక ఉంటుంది, పైన పొట్టు. మరలో ఇవన్నీ కలిసి నలుగుతాయి. మీ పిండి పసుపు రంగు ఆ ప్రొటీన్‌తో ఉండేది, ముక్కిన వాసన మొలకలోని నూనెది. జల్లెడకు ఇవేవీ విడిపోవు, ఎందుకంటే సైజు తేడా కాదు అక్కడ ఉన్న సమస్య, అతుక్కుని ఉండటం.

విడదీసే పని చేసేది నీళ్లు. గింజను 50 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉన్న నీళ్లలో ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండు రోజులు నానబెడతారు, ఆ నీళ్లలో సల్ఫర్ డయాక్సైడ్ 0.1 నుంచి 0.2 శాతం కలుస్తుంది. ప్రొటీన్ గొలుసులను కట్టిపడేసే గంధకపు బంధాలను అది తెంచుతుంది, అప్పుడు స్టార్చ్ వదులవుతుంది. అదే నీళ్లలో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది, గింజ మెత్తబడటానికి దాని సాయం చాలా ఉంది. అందుకే మేము షిఫ్టంతా ఉష్ణోగ్రత మీద కన్నేసి ఉండేవాళ్లం, బాగా చల్లబడితే అక్కర్లేని పులుపులు మొదలవుతాయి, మరీ వేడెక్కితే మనకు కావాల్సిన బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. ట్యాంకులో నుంచి గింజ తీసి బొటనవేలితో నొక్కితే మొలక చిదగకుండా జారి బయటికి రావాలి, మిగతాది పాలు కారాలి. అట్ల రాకపోతే మిల్లుకు వదలొద్దు అని మా సూపర్‌వైజర్ గట్టిగా చెప్పేవాడు, అది నిజం, ఎందుకంటే ఇక్కడ తప్పిపోయినదాన్ని ముందుకుపోయాక ఏ మెషినూ బాగుచేయలేదు.

తర్వాత గింజను పగలగొడతారు, ఆడించరు. మొలక నలిగితే నూనె స్టార్చ్‌లో కలిసిపోతుంది కాబట్టి పళ్లున్న డిస్కుల మధ్య గింజను చీలుస్తారు. మొలక తేలిక, హైడ్రోసైక్లోన్ అనే నీళ్లను సుడి తిప్పే గొట్టంలో తిప్పితే పైకి వచ్చేస్తుంది, దాన్ని ఎండబెట్టి నూనె తీస్తారు. మిగిలినదాన్ని సన్నగా నూరి పొట్టును తెరల మీద ఆపుతారు. ఆఖరికి మిగిలేది స్టార్చ్, గ్లూటెన్ (ముందు చెప్పిన ఆ ప్రొటీనే) కలిసిన పాలు. గ్లూటెన్ స్టార్చ్ కంటే తేలిక, సెంట్రిఫ్యూజ్‌లో, అంటే బాగా వేగంగా తిప్పే మెషిన్‌లో, వేరైపోతుంది. ఆ తర్వాత స్టార్చ్‌ను మళ్లీ మళ్లీ కడుగుతారు. శుభ్రమైన నీళ్లు పడేది ఆ ఆఖరి కడుగుడులో మాత్రమే, అక్కడి నుంచి అవే నీళ్లు వెనక్కి వెనక్కి పోయి చివరికి నానబెట్టే ట్యాంకుకు చేరతాయి. ఈ తిరుగుడు లేకపోతే నీళ్లు విపరీతంగా ఖర్చవుతాయి.

క్వింటాల్ గింజకు సుమారు 60 నుంచి 65 కిలోల స్టార్చ్ వస్తుంది, నూనె మూడు కిలోల లోపు, 60 శాతం ప్రొటీన్ ఉండే గ్లూటెన్ మీల్ ఐదు కిలోలు అటూఇటూ, మిగతాది పొట్టు దాణా. పెద్ద ఫ్యాక్టరీ నిలబడేది వీటన్నిటినీ అమ్ముకుంటుంది కాబట్టి. గ్లూటెన్ మీల్‌ను కోళ్ల దాణాకు కొంటారు, గుడ్డు పచ్చసొనకు రంగు దాంట్లో నుంచి కూడా వస్తుంది. నానబెట్టిన నీళ్లను కూడా పారబోయరు, చిక్కబరిచి అమ్ముతారు. 1941లో అమెరికాలోని పియోరియాలో పెన్సిలిన్ మందును పెద్ద ఎత్తున తయారుచేయడానికి దారి చూపింది ఆ నీళ్లే, ఆ మందు ఇచ్చే బూజుకు అది మంచి మేత అయ్యింది. మీ పదిమంది పెట్టే చిన్న యూనిట్‌లో మొలక, గ్లూటెన్, ఆ పులిసిన నీళ్లు తక్కువ తక్కువ మోతాదుల్లో మిగులుతాయి, కొనేవాడు రాడు. ఆ నీళ్లను కాలువలోకి వదిలితే చేపలు చస్తాయి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, శుద్ధి ప్లాంటు ఖర్చు మెషిన్ల ఖర్చుతో పోటీ పడుతుంది. కాబట్టి తడి పద్ధతిలో చిన్న స్టార్చ్ యూనిట్ వద్దని నా గట్టి అభిప్రాయం. పొడి పద్ధతిలో మొలక తీసేసి రవ్వ, గ్రిట్స్ చేసే మిల్లు వేరే సంగతి, అది మీ స్థాయికి అందుతుంది, నీళ్ల తలనొప్పి ఉండదు, పైగా నూనె పోయింది కాబట్టి త్వరగా ముక్కదు.

కెమిస్ట్రీ_మేడం_అనంతపురం:
పైన అన్న చెప్పింది మీకు కళ్లారా చూడాలని ఉంటే ఇంట్లోనే చేయొచ్చు, మా డిగ్రీ పిల్లలతో నేను ప్రతి ఏడూ చేయిస్తా. గుప్పెడు గింజల్ని ఫ్లాస్క్‌లో వెచ్చటి నీళ్లలో వేసి చిటికెడు పొటాషియం మెటాబైసల్ఫైట్ కలపండి, పచ్చళ్లు, స్క్వాష్‌లు నిలవ ఉండటానికి వేసేదే అది, ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం దాని ఘాటు పీల్చొద్దు. రెండు రోజుల తర్వాత గింజలు నొక్కి మొలకలు తీసేసి, మిగిలింది మిక్సీలో నీళ్లతో తిప్పి పల్చటి గుడ్డలో వడకట్టండి. ఆ పాలను గాజు గ్లాసులో కదపకుండా పెడితే గంటలో అడుగున గట్టిగా తెల్లటి పొర, దాని మీద మెత్తటి పసుపు పొర నిలబడతాయి. తెల్ల పొర మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లగా, నీలంగా మారుతుంది. గానుగలూ సెంట్రిఫ్యూజ్‌లూ లేకుండా బరువు తేడా ఒక్కటే చేసే పని అది, పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తారు. దాన్ని తినకండి.

గ్లూకోజ్ సంగతి అడిగారు. స్టార్చ్ అంటే గ్లూకోజ్ అణువుల పొడుగాటి దండ, నీళ్లతో దాన్ని తుంచితే చాలు. 1811లో కిర్కోఫ్ అనే ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్టార్చ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మరగబెట్టి తియ్యటి పాకం తీశాడు. ఆమ్లంతో చేస్తే రంగు వస్తుంది, చేదు కలుస్తుంది, అందుకని ఇప్పుడు ఎంజైములు వాడతారు. మొదట స్టార్చ్ పాలను ఆవిరితో 105 డిగ్రీల దగ్గర వేడికి తట్టుకునే ఆల్ఫా అమైలేజ్‌తో పల్చబరుస్తారు, తర్వాత 60 డిగ్రీలకు చల్లార్చి పీహెచ్ 4.5 దగ్గరకు తెచ్చి గ్లూకోఅమైలేజ్ అనే ఇంకో ఎంజైము వేస్తారు, ఒకటి నుంచి మూడు రోజుల్లో 95 శాతం దాకా గ్లూకోజ్ అయిపోతుంది. ఒక్కో కొస తుంచినప్పుడల్లా నీటి అణువు వచ్చి కలుస్తుంది కాబట్టి, లెక్క ప్రకారం 100 కిలోల పొడి స్టార్చ్‌కు 111 కిలోల గ్లూకోజ్ రావాలి. క్లాసులో ఈ లెక్క చెప్పినప్పుడు ఒక్కరూ మొదట నమ్మరు! సార్బిటాల్ మాత్రం గ్లూకోజ్‌కు నికెల్ ఉత్ప్రేరకం మీద ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్ ఎక్కించి చేసేది. టూత్‌పేస్టు ఆరిపోకుండా ఉంచేది అదే, విటమిన్ సి తయారీ మొదలయ్యేదీ అక్కడి నుంచే. హైడ్రోజన్‌తో పని కాబట్టి దాని జోలికి పోవద్దండి, అది పూర్తిగా పెద్ద ప్లాంటు పని.

అట్టపెట్టెలన్న_కర్నూలు:
నేను అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్ నడుపుతా, స్టార్చ్ కొనేవాడి వైపు నుంచి చెబుతా. మడతల అట్టకు, అటుపక్క ఇటుపక్క కాగితానికి మధ్య ఉండే జిగురు స్టార్చే. మా లాంటి చిన్నవాళ్లం ఎక్కువగా బస్తాల్లో వచ్చే గమ్ పౌడర్ కొంటాం, చల్లటి నీళ్లలో కలిపితే జిగురైపోతుంది. పెద్ద ఆటోమేటిక్ లైన్లలో వాళ్లే వండుకుంటారు, కొంచెం స్టార్చ్‌ను కాస్టిక్ సోడాతో చిక్కటి గంజిలా చేసి, మిగతా ఎక్కువ భాగం పచ్చి స్టార్చ్‌ను దాంట్లో తేలేటట్టు కలిపి, బోరాక్స్ వేస్తారు. వేడి రోలర్ మీద కాగితం పోయేటప్పుడు ఆ పచ్చిది అక్కడికక్కడే ఉడికి పట్టేస్తుంది. మామూలుగా మొక్కజొన్న స్టార్చ్ 62 నుంచి 72 డిగ్రీల మధ్య ఉడుకుతుంది, కాస్టిక్ పడితే ఇంకా తక్కువ వేడికే ఉడుకుతుంది, అందుకే లైన్ పరుగెత్తగలుగుతుంది. కాస్టిక్‌ను ఒకేచోట గుమ్మరిస్తే మాత్రం అక్కడ గడ్డలు కట్టి ట్యాంకంతా పాడవుతుంది, నీళ్లలో కరిగించి సన్నధారగా పోయాలి, కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

నేను అనేది ఏందంటే, స్టార్చ్ తీయకుండా, పెద్ద ఫ్యాక్టరీ దగ్గర బస్తాలు కొని, గమ్ పౌడర్ కలిపి మాలాంటి యూనిట్లకు ఇస్తే దానికి ఇక్కడ గిరాకీ ఉంది, మాకు చాలాసార్లు దూరం నుంచి తెప్పించుకోవాల్సి వస్తుంది, వానాకాలంలో బస్తా తేమ పీల్చి గడ్డలు కడుతుంది. ఎమ్మిగనూరు మగ్గాలకు పడుగు గంజి, ఆదోని వైపు నూలు పనికీ స్టార్చ్ కావాలి. కానీ ముందు నాలుగు యూనిట్లు తిరిగి ఎంత వాడతారో రాసుకోండి, ఆ తర్వాతే మెషిన్ మాట. ఇంకోటి, స్టార్చ్ దుమ్ము గాల్లో లేచినప్పుడు నిప్పు రవ్వ పడితే పేలుతుంది, బ్లెండర్ గదిలో బీడీ, వెల్డింగ్ రెండూ బంద్ చేయాలి.

కేసీకెనాల్_రైతు:
అన్నలూ, మేడం, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. స్టార్చ్ తీసే ఆలోచన పక్కన పెడతాం, రవ్వ మిల్లు, గమ్ పౌడర్ రెండిటి గురించీ మావాళ్లతో మాట్లాడతా. ఇంకో ప్రశ్న. స్టార్చ్ ఫ్యాక్టరీకి నేరుగా గింజ అమ్మాలంటే వాళ్లు ఏం చూస్తారు? తేమ గొడవ పోవాలని మా ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) డ్రయ్యర్ కొనాలనుకుంటోంది, 80, 90 డిగ్రీల్లో గబగబా ఆరబెడితే సరిపోతుందా?

స్టీప్‌హౌస్_షిఫ్ట్:
ఆ వేడి వద్దు తమ్ముడూ, అది మా సెక్షన్‌ను ఏడిపించిన గింజ. గింజ వేడి 60 డిగ్రీలు దాటిందంటే లోపలి ప్రొటీన్ గట్టిపడిపోతుంది, తర్వాత సల్ఫర్ నీళ్లలో ఎంత నానబెట్టినా స్టార్చ్‌ను సరిగా వదలదు, గ్లూటెన్‌లోకి స్టార్చ్ పోతుంది, స్టార్చ్‌లో ప్రొటీన్ మిగులుతుంది. చూడ్డానికి గింజ నిగనిగలాడుతూ బాగానే ఉంటుంది, లాబ్‌లో నానబెట్టి చూస్తే బయటపడుతుంది. డ్రయ్యర్ కొనండి, కానీ వేడి తగ్గించి గాలి ఎక్కువ పెట్టి నిదానంగా 14 శాతానికి తెచ్చుకోండి. వేసవిలో కోసే రబీ పంటకైతే కళ్లం మీద ఎండే చాలు, సమస్య ఖరీఫ్‌దే, వానల్లో కోసి తడి గింజ కుప్ప పోస్తే వేడెక్కి బూజు పడుతుంది. ఆ బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం స్టార్చ్‌లోకి తక్కువే పోతుంది, ఎక్కువ భాగం నానబెట్టిన నీళ్లలోకి, పొట్టు దాణాలోకి, కొంత గ్లూటెన్‌లోకి చేరుతుంది, దాణా కొనే కోళ్లవాళ్లు వెనక్కి పంపుతారు కాబట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గరే లారీ ఆపేస్తారు. విరిగిన గింజ, మట్టి కూడా చూస్తారు, విరిగినదాంట్లో నుంచి స్టార్చ్ నానే నీళ్లలోనే కారిపోతుంది.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చాక డిస్టిలరీలు కూడా మొక్కజొన్న కొంటున్నాయి, వాళ్లు గింజనంతా పిండి చేసి పులియబెడతారు కాబట్టి స్టార్చ్ విడిపోతుందా లేదా అన్న పట్టింపు ఉండదు, కొంచెం వేడెక్కి ఆరిన సరుకు అటు పంపొచ్చు. మంచిది స్టార్చ్‌వాళ్లకు వేరే పెట్టుకోండి. తేమ మీటరు మాత్రం మీ సొంతది ఒకటి ఉండాలి, గేటు దగ్గర వాళ్లు చూపించే అంకెను మీ అంకెతో పోల్చుకుని మాట్లాడొచ్చు.