అప్పీలుకు దారి ఉండగా హైకోర్టులో రిట్ వేయవచ్చా?

ప్రశ్న వేసినవారు: జీఎస్టీ అధికారి మా సంస్థపై పన్ను డిమాండు ఉత్తర్వు ఇచ్చారు. షోకాజ్ (సంజాయిషీ కోరే) నోటీసులో వ్యక్తిగత విచారణ తేదీ రాయవలసిన గడిలో ‘ఎన్‌ఏ’ (వర్తించదు) అని ఉంది; మేమిచ్చిన నాలుగు పేజీల జవాబుకు ఉత్తర్వులో దక్కింది ‘సంతృప్తికరంగా లేదు’ అన్న ఒక్క మాటే. జీఎస్టీ చట్టం సెక్షన్ 107 కింద అప్పీలు చేయాలంటే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. నేరుగా హైకోర్టులో రిట్ (ఆ ఉత్తర్వును రద్దు చేయమని కోరే పిటిషన్) వేయడం మేలా?

మొదటి అభిప్రాయం: అప్పీలే మేలండి. ఆ 10 శాతం కడితే మిగిలిన మొత్తం వసూలు దానంతటదే ఆగిపోతుంది, స్టే కోసం వేరే తిరగనక్కరలేదు. లెక్కలు, ఇన్‌వాయిస్‌లు తిరగేసి చూడడం రిట్‌లో హైకోర్టు సాధారణంగా పెట్టుకోని పని. డబ్బు కట్టడం ఇష్టం లేదన్నది రిట్‌కు కారణం కాజాలదు.

రెండో అభిప్రాయం: మామూలు కేసుల్లో మీ మాట నిజమే కాని, ఇక్కడ విచారణే జరగలేదు. ప్రతికూల నిర్ణయం తీసుకోదలచినప్పుడు విచారణకు అవకాశం ఇచ్చి తీరాలని సెక్షన్ 75(4) చెబుతోంది. సహజ న్యాయసూత్రాలను (నిర్ణయానికి ముందు వాదన వినడం వంటివి) ఉల్లంఘించినప్పుడు, అధికార పరిధి లేకుండా ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ప్రాథమిక హక్కులకు భంగం కలిగినప్పుడు, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించినప్పుడు అప్పీలు వంటి ప్రత్యామ్నాయం ఉన్నా రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద రిట్ వినవచ్చని వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. పైగా, ఉత్తర్వులో లేని కారణాలను తరువాత కోర్టులో వేసే జవాబులో, అంటే కౌంటర్ అఫిడవిట్‌లో చేర్చి దాన్ని నిలబెట్టుకోవడానికి వీల్లేదని మొహిందర్ సింగ్ గిల్ కేసు తీర్పు ఉంది. ఆ ‘ఎన్‌ఏ’ గడి ఉన్న పేజీని పిటిషన్‌కు తప్పక జతచేయండి.

మొదటి అభిప్రాయం: ఆ మినహాయింపు వర్తిస్తుందని ఒప్పుకుంటాను. అయినా రిట్ గెలిస్తే సాధారణంగా దక్కేది పన్ను రద్దు కాదు, మళ్ళీ విచారించమన్న ఆదేశం. అసలు ప్రమాదం గడువుది. అప్పీలుకు 3 నెలలు, తగిన కారణం చూపితే మరో నెల, అంతే. కాకినాడ వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను) అధికారులకు, గ్లాక్సో సంస్థకు మధ్య నడిచిన కేసులో, అలా గడువు పూర్తిగా దాటాక వేసిన రిట్‌ను హైకోర్టు విని ఉండకూడదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇంతకీ ఉత్తర్వు మీకు ఎప్పుడు అందింది?

ప్రశ్న వేసినవారు: నేటికి 64 రోజులు. ఈ వారమే రిట్ వేయిస్తాను. మూడో నెల నిండేలోగా అది విచారణకు రాకపోతే అప్పీలు వేసి కట్టడానికి ఆ 10 శాతం విడిగా ఉంచుతున్నాను.