సమస్య: దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

పలకాబలపం (నిర్వహణ)

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి.

*దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె*

దత్తాంశం కూడా ఇస్తున్నాను. పూరణ కీ ఇస్తే పాడే పెట్టె మీదే ఉండాలి, అదే మనం మ్యూజిక్ బాక్స్ అంటామే, దాని మీద. మొన్న మా మనవరాలు పుట్టినరోజుకు వచ్చిన పెట్టెను నా బల్ల మీద బోర్లించి, అడుగు చెక్క ఊడదీసి, "తాతయ్యా, ఇందులో దువ్వెన ఉంది" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నిజమే. బొటనవేలంత ఇత్తడి గొట్టం, దాని ఒంటినిండా ఆవగింజలో సగం కూడా లేని ముళ్ళు, ఎదురుగా ఉక్కు దువ్వెన. లెక్కపెడితే 18 పళ్ళు. పొడుగు పళ్ళు మంద్రానికి, పొట్టివి తారానికి. గొట్టం తిరుగుతుంటే ముల్లు వచ్చి పంటిని కొద్దిగా ఎత్తి వదిలేస్తుంది, ఒక స్వరం పలుకుతుంది. అంతే సంగతి. ఇంగ్లీషువాళ్ళూ దాన్ని దువ్వెన అనే పిలుస్తారట.

ఆదివారం రాత్రి దాకా గడువు. "దువ్వెనొకటి" దగ్గర సంధి గురించి ఎవరూ నా మీదకు రావద్దు, అత్త్వసంధి బహుళం.

గోస్తనీ తీరం

మాస్టారూ, బోణీ నాదే. మా పెద్దవాడు జెనీవా వెళ్ళినప్పుడు తెచ్చిన పెట్టె ఇంకా షోకేసులో ఉంది.

కొడుకు సీమనుండి కొయ్యపెట్టె నొకటి
తెచ్చి చేతఁ బెట్టి "తెరువు" మనియె
మూత తీయగానె మువ్వలై మ్రోగుచు
దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

పలకాబలపం

నడక హాయిగా ఉంది. రెండో పాదంలో కొడుకు గొంతు వినిపించింది. మూడో పాదంతోనే పేచీ. మువ్వలు ఎక్కడివండీ? 1796లో జెనీవాలో ఆంట్వాన్ ఫావ్రె అనే గడియారాల పనివాడు చేసిన గొప్పంతా మువ్వలు తీసెయ్యడమే. అంతకు ముందు వాయించే గడియారాల్లో చిన్న చిన్న గంటలు, వాటిని కొట్టే సుత్తులు ఉండేవి. చోటు బోలెడు కావాలి. ఆయన వాటి బదులు శ్రుతి చేసిన ఉక్కు పళ్ళు పెట్టాడు. దాంతో పాట జేబు గడియారంలోకి, నస్యం డబ్బీలోకి దూరిపోయింది. ఆయన కష్టపడి తీసేసిన మువ్వల్ని మీరు మళ్ళీ తెచ్చి కట్టారు!

గోస్తనీ తీరం

ఒప్పుకున్నాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

మూత తీయగానె ముండ్లు మీటఁగ నందు

పలకాబలపం

ఇదీ పాదమంటే. ముండ్లు మీటడంలో వీణ కూడా వచ్చి కూర్చుంది.

వీణతీగ

మాస్టారూ, మన్నించాలి. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, అడక్కుండా ఉండలేను. ఉక్కు పన్ను తోడి రాగం ఎలా పాడుతుంది? ఒక పంటికి ఒకే స్వరస్థానం. అది ఊగదు, జారదు. తోడిలో గాంధారం ఊగకపోతే ఆ స్వరాలు మిగులుతాయి గానీ తోడి మిగలదు. నా అభ్యంతరాన్నే పూరణ చేశాను.

గమక మెరుగలేని గట్టి యుక్కు పలుకు
తోడి పాడునంట! దొడ్డ వింత!
కలను గాక యిలను గలుగునే? కలలోన
దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

పలకాబలపం

అభ్యంతరం నూటికి నూరు పాళ్ళూ న్యాయం. పూరణకు మాత్రం అరవై. "కలలో" అని తప్పించుకోవడం మన తాతల నాటి ఉపాయం. ఏ సమస్యకైనా సరిపోతుంది కాబట్టి దేనికీ గట్టిగా అతకదు. పైగా ఒకే పాదంలో "కలను", "కలలోన" రెండూ వచ్చాయి.

అందరికీ ఒక మాట. తోడి అంటే రాగమే కానక్కర్లేదు. ఇంటి వెనక గిలక బావి ఉన్న వాళ్ళు కాస్త ఆలోచించండి.

నున్నని కొండ

బావి సంగతి తర్వాత. ముందు నా నెత్తి సంగతి వినండి. ఇది జరిగిన కథే. పంపింది మా బావమరిది.

బట్టతలకు నీవు పంపిన కానుక
దువ్వెనా? యటంచు దూఱఁ బోతి
తెరచి చూడ నందుఁ దీయని నాదాల
దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

పలకాబలపం

పొద్దున్నే నవ్వించారు. రెండో పాదంలోనూ దువ్వెన, నాలుగో పాదంలోనూ దువ్వెన. మామూలుగా అయితే పునరుక్తి అనేవాణ్ణి. ఇక్కడ మొదటిది వెటకారం, రెండోది సంగీతం. చెల్లింది. అయినా బావమరిది దువ్వెన పంపాడని మీకు అడుగు చెక్క తీయకుండానే ఎలా తెలిసింది?

నున్నని కొండ

గాజు మూత మాస్టారూ. లోపలి యంత్రమంతా కనబడుతుంది. మా ఆవిడ పుట్టింటివాళ్ళు చెప్పుకుని మరీ నవ్వారు.

ఇత్తడిచెంబు

యంత్రం ఎలా నడుస్తుందో చెప్పకుండా పూరణ ఏమిటని నాకు పట్టుదల. స్ప్రింగుకు తెలుగు మాట దొరక్క "చుట్టుకొన్న తీగ" అన్నాను.

చుట్టుకొన్న తీగ చుట్టు విప్పుకొనఁగ
మెల్ల మెల్లఁ దిరిగె మేకురోలు
మేకు మేకుకొక్క మెట్టుగా స్వరమెక్కి
దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

గోస్తనీ తీరం

మొదటి పాదం అద్భుతం. కానీ రోలు ఎక్కడైనా తిరుగుతుందా? తిరిగేది పొత్రం.

ఇత్తడిచెంబు

మీ ఇంట్లో ఇంకా రుబ్బురోలేనా? మా ఇంట్లో గ్రైండర్. అందులో తిరిగేది రోలే.

పలకాబలపం

గ్రైండర్ వచ్చాక కవిసమయాలు కూడా మారాల్సిందే. ఇత్తడిచెంబు గారిదే గెలుపు. "మేకురోలు" కొత్త మాట, నాకు నచ్చింది. ఇంకో చిన్న విషయం. పెద్ద పెట్టెల్లో ఆ మేకురోలు ఒక పాట అయిపోగానే వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. అప్పుడు మొదటి పాట ముళ్ళు పళ్ళ సందుల్లోంచి పోతాయి, రెండో పాట ముళ్ళు పళ్ళకు తగులుతాయి. ఒకే గొట్టం మీద నాలుగు పాటలు, ఆరు పాటలు. దాని మీద ఎవరైనా పద్యం రాస్తే బాగుండును.

మామిడితోరణం

మాస్టారు గారూ, నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని. ఇవాళ మీరు బావి అనగానే రాయాలనిపించింది. మావారు నేవీలో చేసేవారు. ఒకసారి ఇటలీ రేవులో ఓడ ఆగినప్పుడు ఒక నగల పెట్టె కొని తెచ్చారు. మూత మీద రంగురంగుల చెక్కముక్కలు పొదిగిన పువ్వులు. సొరెంటో పనితనం అని చెప్పేవారు. నగలు పిల్లలకు ఇచ్చేశాను, పెట్టె ఇవ్వలేదు. ఆయన పోయాక నాలుగేళ్ళు తెరవలేదు. పోయిన సంక్రాంతికి బీరువా సర్దుతూ కీ ఇచ్చాను.

మరచిపోయినట్టి మావారి నవ్వులు
బావి లోని నీటి పగిది నేడు
చెవిని తిప్పినంతఁ జిన్నారి పెట్టెలో
దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

తప్పులుంటే దిద్దండి.

వీణతీగ

అమ్మా, నా గమకాల గొడవ వెనక్కి తీసుకుంటున్నాను.

పలకాబలపం

అమ్మా, దిద్దడానికేమీ లేదు. బా–ప, చె–జి యతులు కుదిరాయి. తోడి అంటే నేను అనుకున్న అర్థం ఇదే, కానీ నేను అనుకున్నది నీళ్ళ దాకానే. "చెవిని తిప్పినంత" దగ్గర తాళంచెవి, అల్లరి చేసే పిల్లల చెవి రెండూ మెరిశాయి. మీరు కావాలని రాశారో లేదో గానీ.

మామిడితోరణం

కావాలనే రాశాను మాస్టారు గారూ. ఆయన అల్లరి అలాంటిది.

కొత్తచేయి

నమస్కారం అండీ. పద్యం రాయడం ఇదే మొదటిసారి. చాలా టెన్షన్‌గా ఉంది.

పాప పుట్టినపుడు బహుమానముగ వచ్చె
చిన్ని బొమ్మ యాడు వింత పెట్టె
కన్ను మూయకున్నఁ గంటికి నిద్రను
దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

ఇత్తడిచెంబు

రెండో పాదంలో యతి తప్పింది తమ్ముడూ. "చి"కి "వి" కుదరదు.

పలకాబలపం

యతి తప్పిందని మొత్తం పక్కన పెట్టకండి. "వింత" తీసి "చిట్టి" పెట్టు బాబూ. *చిన్ని బొమ్మ యాడు చిట్టి పెట్టె.* పని అయిపోయింది. ఇక మూడో పాదం. కంటికి నిద్రను తోడడం! నిద్ర బావి అడుగున ఉందని, దువ్వెన దాన్ని చేదతో పైకి లాగిందని. ఇన్నేళ్ళుగా పద్యాలు రాస్తున్న మాకు తట్టలేదు.

కొత్తచేయి

థాంక్సండీ. పాపకు ఇప్పుడు ఏడు నెలలు. నిజం చెప్పాలంటే మూడు చుట్లకు నిద్రపోతుంది, నాలుగో చుట్టు మాకు.

కొబ్బరాకు

ఒసాకాలో ఉంటున్నాను. పద్యం రాదు గానీ కబుర్లు ఉన్నాయి. ఇక్కడ దీన్ని "ఒరుగోరు" అంటారు. డచ్చి వాళ్ళ "ఓర్గెల్" అనే మాట జపాన్ నోట పడి ఇలా అయింది. ఉత్తరాన ఒటారు అనే ఊరు ఉంది, అక్కడ పాత ఇటుక భవనం నిండా ఇవే. గాజువి, చెక్కవి, గుడ్లగూబలు, ఆఖరికి సుషీ ముద్ద ఆకారంలో కూడా. రొయ్య సుషీకి కీ ఇస్తే పాడుతుంది! మా అత్తగారికి కొందామనుకుని, ఆవిడ శాకాహారి అని గుర్తొచ్చి గుడ్లగూబ కొన్నాను.

నాకు అన్నిటికంటే నచ్చింది చేత్తో తిప్పే రకం. గొట్టానికి బదులు అట్ట పట్టీ పెడతాం. దాని మీద చిల్లులు మనమే పొడుచుకోవాలి, అంటే పాట మనది. మా అమ్మ పాడే జోలపాట రెండు రాత్రులు కూర్చుని పొడిచాను. నా దగ్గరున్నది 15 స్వరాలది. అన్నీ శంకరాభరణం స్వరాలే. అమ్మ పాటలో కైశికి నిషాదం ఉంది, దానికి పన్నే లేదు. ఆ చోట చిల్లు పొడవకుండా వదిలేశాను. వీడియో కాల్‌లో వినిపిస్తే అమ్మ సరిగ్గా ఆ ఖాళీలో తను అందుకుని పాడింది.

వీణతీగ

ఇది పద్యం రాని వాళ్ళు రాసేదేనా?

పలకాబలపం

స్విట్జర్లాండ్ సంగతి కూడా ఒక ముక్క చెప్పి ముగిద్దామనుకుంటున్నాను. జురా కొండల్లో సాంత్-క్రువా అని చిన్న ఊరు. పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలో అక్కడ ఇంటింటా ఈ పనే. 1865లో మొదలైన రూజ్ కంపెనీ ఇప్పటికీ అక్కడే చేస్తోంది, 72 పళ్ళ పెట్టెలు కూడా. మధ్యలో రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి లైప్‌జిగ్ నుంచి, పళ్ళెం మారిస్తే పాట మారే పెట్టెలు. రెండోది ఎడిసన్ ఫోనోగ్రాఫ్. మనిషి గొంతే వినిపిస్తుంటే దువ్వెన ఎవరికి కావాలి? అయినా ఆ విద్య పోలేదు. 2020లో యునెస్కో జురా ప్రాంతపు గడియారాల పనితనాన్ని, దానితోపాటు ఈ యంత్రకళను వారసత్వ జాబితాలో చేర్చింది.

గడువు అయిపోవచ్చింది. ఇంకెవరైనా ఉన్నారా?

గూటిచిలక

ఆలస్యమైంది మాస్టారూ. నాది ఒప్పుకోలు పద్యం. మా నాన్న సింగపూర్ నుంచి తెచ్చిన పెట్టె. పదేళ్ళ వయసులో స్క్రూడ్రైవర్ పుచ్చుకుని దాన్ని విప్పాను. మూలన గిర్రున తిరిగే చిన్న రెక్క ఒకటి ఉంది. అది పాడదు, ఏమీ చెయ్యదు, దండగ అనుకుని పీకాను. కీ నిండుగా ఇచ్చి ఉంది. ఒక్కసారిగా "ఝుర్ర్" మని గొట్టం పిచ్చిగా తిరిగింది, పళ్ళు టపటపా ఎగిరి ఒకటి నా చొక్కా జేబులో పడింది. గాలిని కోస్తూ తిరిగే ఆ రెక్కే వేగాన్ని అదుపులో పెట్టేదని చాలా ఏళ్ళకు తెలిసింది. నాన్న ఏమీ అనలేదు. రెక్క మళ్ళీ బిగించి, మిగిలిన పళ్ళతోనే వాయించి చూపించారు.

పండ్లు రాలెఁ గొన్ని. పాట నడుమ గాలి
తాత నోటి మాట దారి పట్టె
ఐన విడిచిపెట్టనట్టి పట్టుదలతో
దువ్వెనొకటి చక్కఁ దోడి పాడె

గోస్తనీ తీరం

"పాట నడుమ గాలి." మా నాన్నగారు కట్టుడు పళ్ళు తీసేసి పద్యం చదివినట్టుంది.

పలకాబలపం

ఐ–అ స్వరయతి, చక్కగా కుదిరింది. ఈ వారం మేటి పూరణ ఏదో నేను తేల్చను, నాకు ఇంట్లో పని ఉంది. మా మనవరాలు ఇందాకటి నుంచి స్క్రూడ్రైవర్ అడుగుతోంది. గూటిచిలక గారి పోస్టు చదివి వినిపించాను. "అయితే కీ అంతా అయిపోయాక విప్పుతాలే" అంది.