బెండు ఆడుతోంది, ఎర పోతోంది, చేప మాత్రం పడడం లేదు

ప్రశ్న:
జనగామ వైపు మా ఊరి చెరువులో నెల రోజులుగా ప్రతి ఆదివారం గాలం వేస్తున్నాను. వెదురు కర్ర, టంగుసు (నైలాన్) దారం, నీటిపై తేలే జిలుగు బెండు, ఎరగా వానపాము వాడుతున్నాను. తెల్లవారుజామున అయిదింటికే గట్టు మీద కూర్చుంటాను. బెండు ఆగకుండా ఆడుతుంది, లాగి చూస్తే కొక్కేనికి తెగిన వానపాము ముక్క తప్ప ఏమీ ఉండదు. ఎదురుగానే పెద్ద చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి గానీ ఒక్కటీ ఎర ముట్టదు. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు:
ఇవి రెండు వేర్వేరు సంగతులు. బెండు టుకటుక వణుకుతున్నదంటే ఎరను కొరుకుతున్నవి పరకల వంటి చిల్లర చేపలు, వేలెడంత జిలేబీ (తిలాపియా) చేపలు. రవ్వ చేప (రోహు) అందుకుంటే బెండు నెమ్మదిగా పక్కకు నడిచి మునుగుతుంది. వానపాము మానేసి, రెండు పాళ్ళ తవుడుకు ఒక పాలు వేరుశనగ చెక్క పొడి, పట్టు కోసం కాస్త గోధుమ పిండి కలిపి, చపాతీ పిండి కన్నా గట్టిగా పిసికి, రేగుపండంత ముద్దను కొక్కేనికి పెట్టండి. అదే ముద్దను నాలుగైదు ఉండలుగా చేసి ముందే ఒకే చోట విసిరితే చేప అక్కడికి చేరుతుంది. బొచ్చె (కట్ల) పైనీటిలో, రవ్వ నడుమ, బంగారు తీగ (కామన్ కార్ప్) అడుగున మేస్తాయి కనుక, బెండును జరుపుతూ లోతు మార్చి చూడాలి; చాలామంది ఎర మారుస్తారే గానీ లోతు మార్చరు.

ఇక నోళ్ళు తెరిచే చేపలు ఆకలితో రాలేదు. రాత్రంతా నాచు, మొక్కలు, చేపలు కలిసి నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకోవడం వలన తెల్లవారేసరికి అది బాగా తగ్గిపోతుంది, మబ్బు పట్టిన రోజుల తరువాత మరీను. ఊపిరికి తంటాలు పడే చేప మేత ముట్టదు. ఎండ పొడిచి, అవి కిందికి దిగాక, ఏడున్నర ప్రాంతంలో మొదలుపెట్టండి. అన్నట్టు, చెరువు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటే వారిని ముందే అడగడం మంచిది. చెరువులో చేపపిల్లను వదిలి పెంచుకునేది వారే.

మళ్ళీ ప్రశ్న:
ధన్యవాదాలు. ముద్దతో ఎనిమిది గంటలకు కిలోకు పైగా తూగే రవ్వ పడింది. సంఘం వారితోనూ మాట్లాడాను. తూటికాడ (నీటి కలుపు మొక్క) పక్కన ఎర్రటి చేపపిల్లల గుంపు ఒకటి నీటిపై కదులుతూ కనిపించింది, కింద ఏదో పెద్ద చేప మెదిలింది. అక్కడ గాలం వేయవచ్చునా?

జవాబు:
వేయకండి. అది పిల్లలను కాస్తున్న కొరమీను. దగ్గరికి వచ్చిన దేనినైనా అది మీదపడి కరుస్తుంది కనుక తేలికగానే చిక్కుతుంది గానీ, అది పోతే, మీ వానపామును తిన్న ఆ చిల్లర చేపలే పిల్లలన్నిటినీ తినేస్తాయి.