కొడుకు నిశ్చితార్థం రోజున పరీక్ష రాయడానికి వెళ్ళిన తల్లిది తప్పా?

హనుమకొండ తల్లి:

ఈ సంగతి నలుగురిలో పెట్టాలా వద్దా అని పది రోజులుగా ఆలోచిస్తున్నాను. మొన్న ఒక బంధువుల ఇంట్లో ఒడిబియ్యానికి వెళ్ళాను. పసుపు కలిపిన బియ్యం నా దోసిట్లో ఉండగానే మా ఆడపడుచు పక్కనున్న ఆవిడకు నన్ను చూపించి, "కొడుకు నిశ్చితార్థానికి రాని తల్లి ఈవిడే" అన్నది. బియ్యం ఒడిలో పోసి ఇంటికి వచ్చేశాను. భోజనానికి కూర్చోలేదు.

నాకు 47 ఏళ్ళు. పుట్టినిల్లు నర్సంపేట దగ్గర, పాకాల చెరువు ఆయకట్టు కింద ఒక పల్లె. పదో తరగతి పాసైన రెండేళ్ళకు పెళ్ళి చేశారు. పిల్లలిద్దరూ చదువులు ముగించుకుని వెళ్ళిపోయాక ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాశాను. తరువాత అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏకు చేరాను. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే, 1982లో మొదలైంది. నాలాంటి వాళ్ళ కోసమే పెట్టారని నా నమ్మకం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంటింట్లో గ్యాసు బండ పక్కన పీట వేసుకుని చదివేదాన్ని. ముందుగదిలో లైటు వేస్తే మామగారికి నిద్ర చెడుతుంది. నా చరిత్ర పుస్తకంలో కొన్ని పేజీలకు ఇప్పటికీ నూనె మరకలు ఉన్నాయి.

మా ఇంట్లో ఏ శుభకార్యమూ నేను లేకుండా జరగలేదు. పిల్లల పుట్టువెంట్రుకలు వేములవాడలో తీయించిన రోజు జ్వరంతోనే వెళ్ళి, కోడె మొక్కు కూడా చెల్లించి వచ్చాను. గృహప్రవేశానికి పాలు పొంగించింది నేను, కూతురికి కాన్పు చేయించింది నేను. ఇవన్నీ ఎవరో చెబితే చేసినవి కావు, ఇష్టంగా చేసినవి.

కొడుకు నిశ్చితార్థం కరీంనగర్‌లో, అమ్మాయి వాళ్ళ ఊళ్ళో పెట్టుకున్నాం. ముహూర్తం మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాలకు. అన్నీ ఖాయమయ్యాక పరీక్షల తేదీలు వచ్చాయి. అదే రోజు రెండింటికి హనుమకొండలో నా చివరి పేపరు. నిశ్చితార్థం వారం రోజులు వాయిదా వేద్దామని అడిగాను. ఆ తరువాత మూఢం, హాలుకు డబ్బు కట్టేశారు, కుదరదన్నారు. పరీక్ష ఎవరి కోసమూ జరగదు. మా ఆయన ఒక్కటే మాట అన్నారు: "ఈ వయసులో ఎవరి కోసం ఈ చదువు?"

నేను పరీక్షకే వెళ్ళాను. సాయంత్రం ఐదున్నరకు హనుమకొండలో బస్సెక్కి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ చేరేసరికి ఏడు దాటింది. హాల్లో పూలదండలు విప్పుతున్నారు.

నేను చేసింది తప్పు కాదని నా ఉద్దేశం. ఇంట్లో జరిగే ప్రతి మంచిలోనూ అమ్మ ఉండాలంటారు. మరి అమ్మకు జరిగే మంచి ఆ ఇంటి మంచి కాదా? తప్పని మీకు అనిపిస్తే ఎందుకో చెప్పండి, వింటాను.

కరీంనగర్ పెద్దమ్మ:

చెల్లీ, నీ కష్టం చిన్నదని నేననను. నాలుగింటికి లేచి చదవడం నా వల్ల కాదు. కానీ అడిగావు కాబట్టి చెబుతున్నాను, తప్పే.

పరీక్ష పోతే మళ్ళీ వస్తుంది. ఒక్క పేపరు తరువాతి పరీక్షల్లో రాసుకోవచ్చు. పట్టా కొన్ని నెలలు ఆలస్యమవుతుంది, అంతే. నిశ్చితార్థం మళ్ళీ రాదు. పీట మీద కూర్చున్న పిల్లకు మొదటి బొట్టు పెట్టి, చీర, పూలు, పండ్లు ఒడిలో పెట్టేది అత్తగారు. ఆ స్థానం ఖాళీగా ఉంటే అమ్మాయి తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో ఆలోచించావా? సంబంధం ఇష్టం లేక రాలేదేమో అనుకుంటారు. నాకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దదాని వరపూజకు వియ్యపురాలు అరగంట ఆలస్యంగా వస్తే ఆ అరగంటా మా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపల వంటవాళ్ళు పిలుస్తున్నా కదల్లేదు. అది నేను మరిచిపోలేదు.

చదువుకున్న కోడలు కావాలంటాం, చదువుకున్న అత్తగారు వస్తే ఇంకా సంతోషం. ఆ సంతోషం ఎదుటివాళ్ళ మనసు కష్టపెట్టి తెచ్చుకోవలసింది కాదు.

కాజీపేట నుంచి ఒక కొడుకు:

మా నాన్న రైల్వేలో గార్డుగా పనిచేశారు. మా అక్క నిశ్చితార్థం రోజున ఆయన బండి మీద ఉన్నారు. పీటల దగ్గర మా పెదనాన్న కూర్చున్నారు. "డ్యూటీ పడింది" అంటే చాలు, వచ్చిన వాళ్ళంతా "పాపం" అన్నారు. ఒక్కరూ తప్పుపట్టలేదు. పెద్దమ్మా, మీరు చెప్పిన ఖాళీ స్థానం అక్కడ కూడా ఉంది కదా. తండ్రి లేకపోతే పాపం, తల్లి లేకపోతే నింద. నాకు ఈ తేడా అర్థం కాదు.

కరీంనగర్ పెద్దమ్మ:

బాబూ, మీ నాన్న బండి దిగితే మీ ఇంట్లో పొయ్యి వెలగదు. రెండూ ఒకటి కావు.

జగిత్యాల బిడ్డ:

మా అమ్మ బీడీలు చుట్టేది. సాయంత్రం తునికాకు తడిపి పెట్టుకుని, పొద్దున కత్తెరతో కత్తిరించి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా లేచేది కాదు. కూలి వెయ్యికి ఇంత అని లెక్క. బాగాలేవని పక్కన పడేసినవాటికి కూలి ఉండదు. ఆమె కుడిచేతి చూపుడువేలి గోరు పక్కన దారం కోసిన గాటు ఎప్పుడూ మానలేదు. నాకు అన్నం కలిపి పెట్టేటప్పుడు ఆ వేలిని విడిగా పట్టుకునేది, కారం తగలకుండా.

నేను నర్సుగా ఉద్యోగంలో చేరిన రోజున ఆమె వాడకట్టంతా పంచదార పంచింది. "నేను గెలిచాను" అన్నది. "నా బిడ్డ గెలిచింది" అనలేదు. ఇలాంటి చర్చలు చదివినప్పుడు నాకు బాధ కలుగుతుంది. పిల్లల విజయం తల్లిది కాదు, తల్లి తనకంటూ వేరే ఒకటి సాధించాలి అని తేల్చేస్తే, మా అమ్మ ఏమీ సాధించనట్టేనా? ఆమెకు ఓపెన్ స్కూలు గురించి చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా వెయ్యి పూర్తి చేయక తప్పదు.

అక్కా, మీరు వెళ్ళడం తప్పని నేను అనను. "అమ్మకు జరిగే మంచి" అంటే పట్టా ఒక్కటే కాదని మాత్రం చెప్పాలనిపించింది.

హనుమకొండ తల్లి:

జగిత్యాల చెల్లీ, మీ అమ్మగారు గెలిచారు. అందులో నాకు సందేహం లేదు. ఆవిడ వెయ్యి బీడీల ముందు నా మూడేళ్ళ చదువును నిలబెట్టి పోల్చను. కానీ ఒక్క మాట. ఆవిడ "నేను గెలిచాను" అన్నప్పుడు వాడకట్టు విన్నది, పంచదార తీసుకుంది. నా ఫలితాలు వచ్చిన రోజు ఫోనులో నంబరు కొట్టి చూసుకుని, ఎవరికి చెప్పాలో తెలియక బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. నాకు కావలసింది పట్టాకు గౌరవం కాదు. ఇది కూడా ఇంట్లో జరిగిన ఒక మంచి అని నలుగురు అనుకోవడం.

పెద్దమ్మా, మీ మాటలో సగానికి నా దగ్గర జవాబు లేదు. ఆల్బంలో మొదటి బొట్టు పెడుతున్న ఫోటోలో మా ఆడపడుచు ఉంది. ఆ పేజీ వచ్చినప్పుడల్లా కడుపులో కలుక్కుమంటుంది. వియ్యంకుల ఇంటికి నెల ముందే వెళ్ళి విషయం చెప్పాను, అనుమతి అడిగాను. వాళ్ళు సరేనన్నారు. అయినా ఆ రోజు వియ్యపురాలి ముఖం చిన్నబోయిందని విన్నాను. అది నా వల్లే. తరువాత రాయవచ్చు కదా అంటారా, పెళ్ళి పనులు, తరువాత కోడలు రావడం, రేపు మనవలు. నేను 18 ఏళ్ళప్పుడు కూడా "తరువాత చదువుకుందువులే" అనే అన్నారు. ఆ తరువాత రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మీరే లెక్కపెట్టండి.

ఆ రోజు ప్రశ్నపత్రంలో కాకతీయుల నీటిపారుదల గురించి అడిగారు. గణపతిదేవుడి కాలం, పాకాల, రామప్ప, లక్నవరం. మా నాన్న పొలానికి నీళ్ళు ఆ పాకాల చెరువు నుంచే వచ్చేవి. తూము ఎత్తిన రోజున కాలువ వెంట పరుగెత్తిన పిల్లను నేను. అది రాస్తూ ఎంతసేపు గడిచిందో తెలియలేదు, అదనపు కాగితాలు రెండుసార్లు అడిగి తీసుకున్నాను. చేతులు వణుకుతూ పరీక్ష గదిలోకి వెళ్ళిన మనిషిని, బయటికి వచ్చేటప్పుడు వణుకు లేదు.

హాల్లో దండలు విప్పుతున్నారని రాశాను కదా. అమ్మాయి ఇంకా పట్టుచీరలోనే కూర్చుని ఉంది. నా కోసమే చీర మార్చుకోలేదట. నా సంచిలో ఉన్న కుంకుమ భరిణె తీసి ఆలస్యంగానే బొట్టు పెట్టాను. ఫోటోగ్రాఫరు వెళ్ళిపోయాడు.

కరీంనగర్ పెద్దమ్మ:

నెల ముందే వెళ్ళి అడిగానని మొదటే రాసి ఉండవలసింది చెల్లీ. చెప్పకుండా వెళ్ళావనుకున్నాను. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. పరీక్ష తరువాతి సారి రాయవలసిందన్న మాట మాత్రం తీసుకోను.

మీ ఆడపడుచు అన్నది తప్పు. ఒడిబియ్యం పట్టుకున్న మనిషిని ఆ మాట అనకూడదు. ఈసారి ఎదురుపడితే, ఎన్ని మార్కులు వచ్చాయో నువ్వే ముందు చెప్పు. ఇంతకూ ఎన్ని వచ్చాయి?