పుట్టుకతో చూపులేని తమ్ముడికి పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ పెట్టె) కొంటే ఉపయోగం ఉంటుందా? ఏ ఆటలు, ఏ సెట్టింగులు?

లంకగాలి (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. మా పిన్నిగారబ్బాయికి 19 ఏళ్ళు, పుట్టుకతో చూపు లేదు. ఫోను టాక్‌బ్యాక్‌తో (తెరమీదిది చదివి వినిపించేది) తెలుగులో వాడతాడు, ల్యాప్‌టాప్‌లో అలాంటిదే ఎన్‌వీడీఏ బాగానే వచ్చు. ఇంగ్లీషు నెమ్మదిగా చెబితే అర్థమవుతుంది, గబగబా చదివేస్తే అందదు. వాడికి కావలసింది చూపులేనివాళ్ళ కోసం విడిగా చేసిన ఆడియో గేములు కాదు, అందరూ ఆడే పెద్ద ఆటలే. కొట్టు దగ్గర అడిగితే "స్క్రీన్ రీడర్ ఉందండీ, అన్నీ చదివేస్తుంది" అంటున్నారు. అది ఎంతవరకు నిజం? ఎక్స్‌బాక్స్ మేలా, పీఎస్5 మేలా? హెడ్‌ఫోన్స్ ఎలాంటివి తీసుకోవాలి? మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలిసిందే, దానికేం చెయ్యాలి?

గౌతమిగట్టు (రావులపాలెం)

కొట్టువాళ్ళు చెప్పింది సగమే నిజమండి. కన్సోల్ (అంటే ఆ గేమ్ పెట్టె) స్క్రీన్ రీడర్ చదివేది కన్సోల్ సొంత మెనూలు, సెట్టింగులు, స్టోరు గట్రా మాత్రమే. ఆట మొదలయ్యాక లోపల మాట్లాడాల్సింది ఆటే. ఆట తయారుచేసినవాళ్ళు ఆ పని చెయ్యకపోతే స్క్రీన్ రీడర్ నోరు మూసుకుని కూర్చుంటుంది. అందుకని ముందు ఆట ఏదో తేల్చుకోండి, ఆ ఆట ఏ పెట్టెలో ఆడుతుందో ఆ పెట్టె కొనండి. ప్లేస్టేషన్ స్టోరులో 2023 నుంచి చాలా ఆటల పేజీల్లో ఏ సౌకర్యాలున్నాయో రాస్తున్నారు. ఆట పేజీ మీద ఉండగా కంట్రోలర్ మీది ట్రయాంగిల్ బటన్ నొక్కితే వస్తుంది. డబ్బు కట్టేముందు అది చదవండి.

మొదటి ఆటగా నేను చెప్పేది ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2. 2020లో పీఎస్4కి వచ్చింది, 2024లో పీఎస్5కి రీమాస్టర్ (మెరుగుపరిచిన ప్రతి) వచ్చింది. మొదటి భాగం కూడా 2022లో పీఎస్5కి కొత్తగా చేశారు. అందులో కథ నడిచే సీన్లలో తెర మీద ఏం జరుగుతోందో చెప్పే వర్ణన కూడా ఉంది. పార్ట్ 2 రీమాస్టర్‌లోనూ ఆ వర్ణన పెట్టారు, 2020 నాటి పీఎస్4 ప్రతిలో లేదు. రక్తపాతం ఎక్కువ, 18 ఏళ్ళు దాటినవాళ్ళ ఆట. మీవాడికి పర్లేదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం స్పీకర్లో పెట్టకండి.

కన్సోల్‌లో చెయ్యాల్సింది: సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్క్రీన్ రీడర్. అక్కడే మాట వేగం తగ్గించే మీట ఉంది. తెలుగు గొంతు లేదు, ఇంగ్లీషే. చదివేది ఆపాలంటే పీఎస్ బటన్, ట్రయాంగిల్ కలిపి నొక్కాలి. మళ్ళీ చదివించాలంటే పీఎస్ బటన్‌తో ఆర్1 (కంట్రోలర్ ముందంచున కుడివైపు పైబటన్). మొదటిసారి ఆన్ చేసినప్పుడు వైఫై పాస్‌వర్డు, ఖాతా పని ఉంటుంది కాబట్టి ఓ అరగంట మీరు పక్కన కూర్చోండి.

ఆటలోకి వెళ్ళాక ఆప్షన్స్, యాక్సెసిబిలిటీ, అందులో ప్రీసెట్స్ (ముందే కట్టగట్టి ఉంచిన సెట్టింగులు). విజన్ అన్నది ఎంచుకుంటే చాలా సెట్టింగులు ఒక్క దెబ్బతో మారిపోతాయి: మెనూ చదవడం, దారి చూపించడం, గురి తనంతట తానే శత్రువు మీదికి వెళ్ళడం, అంచు నుంచి పడిపోకుండా ఆపడం, ఇలా. ఒక్కోటీ విడివిడిగా వెతకడం దండగ. ఆ తర్వాత వీటిలోంచి అక్కర్లేనివి తీసేసుకోవచ్చు.

ఇక అసలు పని. అదే మెనూలో ఆడియో క్యూ గ్లాసరీ అని ఉంటుంది. ఆటలో వినపడే ప్రతి సంకేత శబ్దాన్నీ వినిపించి, అది దేనికో చెబుతుంది. దూకాల్సిన చోట ఒకటి, వంగి వెళ్ళాల్సిన చోట ఒకటి, వస్తువు తీసుకోవాల్సిన చోట ఒకటి, గురి శత్రువు మీద పడితే ఒకటి. ఇవి తెలియకుండా కథ మొదలుపెడితే ఆ టింగుటింగులన్నీ గోలలాగే ఉంటాయి. రోజుకి ఐదారు శబ్దాలు నేర్చుకుంటే వారంలో చేతికొస్తాయి. ఇంగ్లీషు వివరణ అందకపోతే మీరు తెలుగులో చెప్పి ఫోన్లో రికార్డు చేసివ్వండి. ఈ సంకేత శబ్దాల (క్యూల) వాల్యూమ్ విడిగా ఉంటుంది, సంగీతం వాల్యూమ్ సగానికి తగ్గించండి. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, సంగీతం అలాగే ఉంచేసి "శబ్దాలు వినపడ్డంలేదు" అంటారు.

చిత్తడినేల (భీమవరం)

గౌతమిగట్టు గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూనే ఎక్స్‌బాక్స్ పక్షాన ఒక మాట. కార్ల రేసులంటే ఇష్టమున్నవాడైతే 2023 అక్టోబరులో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్ చూడండి. చూపులేనివాళ్ళు నడపడానికి బ్లైండ్ డ్రైవింగ్ అసిస్ట్స్ అని పెట్టారు. మలుపు వస్తోందంటే శబ్దం, ఎటు తిరగాలో ఆ పక్క చెవిలో శబ్దం, రోడ్డు అంచుకి దగ్గరైతే హెచ్చరిక, బ్రేకు వెయ్యాల్సినప్పుడు, గేరు మార్చాల్సినప్పుడు వేరే శబ్దాలు. ఇవన్నీ ఒకేసారి పెడితే చెవులు గింగిర్లెత్తుతాయి. ముందు గేర్లు ఆటోమేటిక్‌లో పెట్టి, మలుపు శబ్దం, అంచు శబ్దం రెండే ఉంచండి. ఒకే ట్రాకు మీద పది పన్నెండు చుట్లు తిరిగాక మిగతావి ఒక్కోటీ కలపండి.

ఎక్స్‌బాక్స్‌లో నరేటర్ (అక్కడి స్క్రీన్ రీడర్) ఆన్ చెయ్యడం చాలా సుళువు. ఎక్స్‌బాక్స్ బటన్ కంట్రోలర్ వణికేదాకా పట్టుకుని, తర్వాత మెనూ బటన్ నొక్కాలి. మెనూ బటన్ అంటే కుడివైపున్న నాలుగు బటన్లకి కాస్త లోపలగా ఉండే చిన్నది. రెండు కంట్రోలర్లు కలిపి ఒకే ఆటగాడిలా వాడుకునే సౌకర్యం కూడా ఉంది. చెయ్యి తిరిగేదాకా మీరు రెండోది పట్టుకుని సాయం చెయ్యొచ్చు. పీఎస్5లోనూ అలాంటిది వచ్చింది.

కానీ లాస్ట్ ఆఫ్ అస్ ఎక్స్‌బాక్స్‌లో రాదు, ఈ ఫోర్జా పీఎస్5లో రాదు. తేల్చుకోవాల్సింది అక్కడే.

లంకగాలి

చాలా థాంక్సండి. పీఎస్5 వైపే మొగ్గుతున్నాడు. తెలిసినవాళ్ళింట్లో గంటసేపు పార్ట్ 2 పెట్టి చూశాం. ఎల్3 నొక్కితే దారి చూపిస్తుందన్నారు గానీ వీడు నొక్కి నడిస్తే గోడకి కొట్టుకుంటున్నాడు. సెట్టింగు ఏమైనా తప్పా? ఇంకోటి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలవలేదు.

గౌతమిగట్టు

సెట్టింగు తప్పు కాదండి, బొటనవేలి తప్పు. ఎల్3 అంటే ఎడమ బొటనవేలితో తిప్పే పుల్లనే (స్టిక్) కిందికి నొక్కడం. కొత్తవాళ్ళు నొక్కుతూనే ముందుకి తోసేస్తారు, అది కాస్తా పక్కకి వాలుతుంది. చెయ్యాల్సింది మూడు ముక్కల్లో: పుల్ల వదిలెయ్యండి, నడక ఆగాలి. బొటనవేలు సరిగ్గా మధ్యలో పెట్టి నిలువుగా టక్ మని నొక్కండి, కెమెరా దారివైపు తిరుగుతుంది. ఇప్పుడు పుల్లని తిన్నగా పైకి తొయ్యండి. కుడిపుల్ల జోలికి అస్సలు వెళ్ళకూడదు. అది కాస్త కదిలినా ఆట తిప్పిపెట్టిన దిక్కు పోతుంది, తిన్నగా తోసినా గోడే.

రెండోది, ఒక్క నొక్కుకి గమ్యం దాకా తీసుకెళ్ళదు. వచ్చే మలుపు వరకే. మెట్లు, గుమ్మాలు, సందులు ఉన్నచోట నాలుగైదు అడుగులకోసారి మళ్ళీ నొక్కాలి. దూకాల్సిన చోటు శబ్దం వస్తే ఆ బటన్ నొక్కితేగానీ ముందుకి కదలదు. "గోడకి కొట్టుకుంటున్నాడు" అన్నదాంట్లో సగం అదే అయ్యుంటుంది. అది గోడ కాదు, ఎక్కాల్సిన అరుగు.

వస్తువులు వెతకడానికి ఆర్1 పట్టుకుని సర్కిల్ నొక్కాలి. దగ్గర్లో ఏదైనా ఉంటే అది ఉన్న దిక్కు నుంచి శబ్దం వస్తుంది, పైనుందా కిందుందా అన్నదాన్నిబట్టి స్థాయి మారుతుంది. ఆ వెంటనే ఎల్3 నొక్కితే కథ దారికి కాకుండా ఆ వస్తువు వైపు తిప్పుతుంది. శత్రువులకైతే ఆర్1 పట్టుకుని స్క్వేర్. ఒక గదిలోకి వెళ్ళగానే ముందు స్క్వేర్, ఎవరూ లేరనుకున్నాక సర్కిల్, అన్నీ ఏరుకున్నాక ఎల్3. ఈ వరస వేళ్ళకి అలవాటయ్యేదాకా కథ గురించి పట్టించుకోనక్కర్లేదు.

పోరాటం మొదట్లో కష్టంగా ఉంటే నేలమీద పాకుతున్నంతసేపూ శత్రువులకి కనపడకుండా ఉండే సెట్టింగు ఉంది, వాడుకోమనండి. అది మోసమేం కాదు. పజిళ్ళు దాటవేసేది కూడా ఉంది గానీ ఇనప్పెట్టెల తాళాలు దాటవెయ్యొద్దు. అంకె తిప్పుతుంటే సరైన అంకె దగ్గర టిక్కు శబ్దం తేడాగా వస్తుంది. చూపున్నవాళ్ళు కాగితాలు వెతుక్కుంటుంటే మీవాడు చెవితోనే తెరిచేస్తాడు.

ఉప్పుగాలి (కాకినాడ)

బ్లూటూత్ సంగతి: పీఎస్5 మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లని తీసుకోదు. టీవీకి కలిపితే కలుస్తాయి గానీ శబ్దం ఆలస్యంగా వస్తుంది. చెవితో ఆడేవాడికి ఆ ఆలస్యం చాలా పెద్ద దెబ్బ. కంట్రోలర్ కింద 3.5 ఎంఎం రంధ్రం ఉంది, వైరున్న మామూలు హెడ్‌ఫోన్ అందులో పెట్టండి. బేస్ ఎక్కువున్నవి వద్దు, సన్నటి సంకేతాలు ఆ దద్దరిలో కొట్టుకుపోతాయి. చెవి చుట్టూ మూసేవి మంచివే గానీ మన ఉక్కలో గంట పెట్టుకుంటే చెమట కారుతుంది, మెత్త తీసి ఉతుక్కునేవి చూసుకోండి.

పెట్టగానే రెండు పరీక్షలు. ఒకటి, ఎడమ కుడి తారుమారయ్యాయేమో. రెండు, మోనో ఆడియో ఆన్‌లో ఉందేమో. మోనోలో ఉంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం వస్తుంది, దిక్కు తెలియదు, ఎంత సాధన చేసినా దండగే. తర్వాత సెట్టింగ్స్, సౌండ్‌లో హెడ్‌ఫోన్స్‌కి 3డీ ఆడియో (శబ్దం ఏ దిక్కు నుంచో తెలిపేది) ఆన్ చేసి, అక్కడ చెవికి సరిపడే ప్రొఫైల్ ఎంచుకోవాలి. వినిపించే శబ్దం సరిగ్గా చెవి ఎత్తులోంచి వస్తున్నట్టు అనిపించేదే వాడిది. ఒక్కో చెవికి ఒక్కోటి, మీ చెవితో నిర్ణయించకండి.

టీవీ దండగ అనుకుని కట్టేస్తే ఒక్కోసారి కన్సోల్ కూడా నిద్రపోతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలో టీవీతోపాటు ఆపే లింకు తీసెయ్యండి. టీవీలో బొమ్మ మాత్రమే ఆపే సౌకర్యముంటే ఇంకా నయం.

కరెంటు: పెద్ద ఆట ఆడేటప్పుడు పీఎస్5 దాదాపు 200 వాట్లు లాగుతుంది. ఇంటి ఇన్వర్టరు మోయగలదు గానీ వెనక స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. రెండో మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే క్షణంలోనే కన్సోల్ ఆగిపోతుంది. ఆట తనంతట తాను సేవ్ చేసుకుంటుంది, దాంతో పెద్ద నష్టం లేదు. సిస్టమ్ అప్‌డేట్ నడుస్తుండగా పోతేనే ప్రమాదం. గాలివాన ఉన్నరోజు అప్‌డేట్ పెట్టకండి. చెక్క స్టాండు అరలో మూసిపెడితే వేడెక్కి ఫ్యాను రొద చేస్తుంది, ఆ రొద కూడా మీవాడి చెవికి అడ్డమే. సముద్రం దగ్గర ఊళ్ళలో తేమకి దుమ్ము ముద్దకట్టి గాలి రంధ్రాలకి అంటుకుంటుంది, నెలకోసారి మెత్తటి బ్రష్షుతో దులపండి.

డౌన్‌లోడ్ 80 జీబీ అనుకుంటే 50 ఎంబీపీఎస్ లైనులో పూర్తి వేగం వచ్చినా మూడున్నర గంటలు. రాత్రి పెట్టి పడుకోండి.

ఎన్‌వీడీఏ వచ్చన్నారుగా, మాట్లాడని మెనూలకి ఒక ఉపాయం. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ ప్లే (కన్సోల్ తెరని ల్యాప్‌టాప్‌లో చూపించేది) ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో రిమోట్ ప్లే ప్రోగ్రాం తెరవాలి. ఆ కిటికీ పెద్దది చేసి ఎన్‌వీడీఏ మీట (మామూలుగా ఇన్సర్ట్), ఆర్ కలిపి నొక్కితే తెరమీది అక్షరాలు గుర్తుపట్టి చదువుతుంది, ఎస్కేప్‌తో బయటికి రావొచ్చు. ఎన్‌వీడీఏలో స్క్రీన్ కర్టెన్ (తెరని నల్లగా చేసేది) ఆన్‌లో ఉంటే ఇది పనిచెయ్యదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎంచుకున్న వరస ఏదో మాత్రం చెప్పదు, ఉన్న మాటలన్నీ చదువుతుంది అంతే. అందుకని ఎన్నిసార్లు కిందికి నొక్కితే ఏది వస్తుందో లెక్కపెట్టి ఫోన్లో రాసుకోవాలి.

చిత్తడినేల

ఆ లెక్కపెట్టడం స్ట్రీట్ ఫైటర్ 6కి (ఇద్దరు ఎదురెదురుగా కొట్టుకునే ఆట) బాగా పనికొస్తుంది. 2023 జూన్‌లో వచ్చింది. మెనూలు చదవదు గానీ కుస్తీ మొదలయ్యాక చెవికి చాలా ఇస్తుంది. ఆడియో సెట్టింగుల్లో సౌండ్ యాక్సెసిబిలిటీ విభాగంలో ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో, దెబ్బ పైన పడిందో కింద పడిందో, వాడు తలమీంచి దూకి అటుపక్కకి వెళ్ళాడో తెలిపే శబ్దాలు విడివిడిగా ఆన్ చేసుకోవచ్చు. ముందు దూరం ఒక్కటీ పెట్టి ప్రాక్టీస్ మోడ్‌లో బొమ్మని నిలబెట్టి ముందుకీ వెనక్కీ నడవమనండి. మీరిద్దరూ ఒకే కన్సోల్ మీద ఆడుకోవచ్చు. మీరు కూడా టీవీ బొమ్మ ఆపేసి ఆడితే గానీ న్యాయం కాదు, ఆయ్.

లంకగాలి

ఓడిపోవడానికి సిద్ధమేనండి. ఆఖరిగా ఒక్క సందేహం. పార్ట్ 2 పాత పీఎస్4 డిస్కు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోంది. పీఎస్5లో పనిచేస్తుందా?

గౌతమిగట్టు

డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 అయితే పనిచేస్తుంది, డ్రైవ్ లేని డిజిటల్ మోడల్‌లో చెయ్యదు. సీన్ల వర్ణన ఉండదన్నది మర్చిపోకండి, మిగతా సౌకర్యాలు ఉంటాయి. పెట్టెలో 2 డిస్కులుంటాయి. డేటా డిస్కు ముందు ఒక్కసారి పెట్టి ఎక్కించాలి, ఆ తర్వాత ఆడేటప్పుడల్లా కావలసింది ప్లే డిస్కు. తడిమితే రెండూ ఒకటే, అందుకని ప్లే డిస్కుండే వైపు పెట్టె లోపల ఒక బొట్టుబిళ్ళ అంటించండి. డిస్కు మీద మాత్రం అంటించకండి, డ్రైవులో ఊడి ఇరుక్కుంటుంది.