ప్రింటెడ్ కాంక్రీటులో వ్యర్థాలు కలిపితే అది గ్రీన్ అయిపోతుందా?

గోడల_పిచ్చి:
3డి ప్రింటర్‌తో గోడలు కట్టేవాళ్లందరిదీ ఇప్పుడు ఒకటే పాట. మా మిక్స్‌లో ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో మిగిలే బూడిద) ఉంది, గాజు పొడి ఉంది, పాత కాంక్రీటు ఇసుక ఉంది, కాబట్టి మాది గ్రీన్ అంటారు. నాకైతే నమ్మకం కుదరడం లేదు. నాజిల్‌లోంచి పెద్ద కంకర దిగదు. కంకర తీసేస్తే ఆ చోటంతా ఇసుక, సిమెంటు ముద్దతోనే నింపాలి. అంటే ఘనపు మీటరుకు మామూలు కాంక్రీటు కంటే సిమెంటు ఎక్కువే పడుతుంది. ముందు పెంచేసి, తర్వాత అందులో కాస్త కోసి, తగ్గించామని చెప్పుకోవడం ఏం న్యాయం?

మిక్స్_డిజైన్:
ఘనపు మీటరు దగ్గరే ఆగిపోతే ఎలా అండీ? ప్రింటు గోడ లోపల చాలాసార్లు బోలుగా ఉంటుంది, సెంట్రింగ్ ఖర్చు ఉండదు. గోడ మొత్తానికి ఎంత సిమెంటు పట్టిందో చూడాలి. పైగా క్లింకర్ (సున్నపురాయి, మట్టి కలిపి బట్టీలో కాల్చగా వచ్చే గడ్డలు, వీటిని నూరితేనే సిమెంటు) తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 60 శాతం ఇంధనం వల్ల వచ్చేది కాదు, సున్నపురాయి విడిపోవడం వల్ల వచ్చేది. బట్టీకి ఏ ఇంధనం వాడినా అది పోదు. క్లింకర్‌ను తగ్గించాల్సిందే. ఫ్లైయాష్ రేణువులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పంపులో సాఫీగా జారుతుంది కూడా.

పంపు_దగ్గర_మనిషి:
జారడం వరకు నిజమే. జారాక నిలబడాలి కదా! ఫ్లైయాష్ ఎక్కువైతే మొదట్లో బలం నెమ్మదిగా వస్తుంది. కింది పొర ఇంకా మెత్తగా ఉండగానే పై బరువు పడి పొట్ట ఉబ్బుతుంది. పోనీ కాసేపు ఆగుదామంటే పై పొర సరిగ్గా అతుక్కోదు.

పాత కాంక్రీటు నలగ్గొట్టిన ఇసుకది ఇంకో తలనొప్పి. దాన్ని అంటిపెట్టుకున్న పాత సిమెంటు నీళ్లు పీల్చేస్తుంది. మిక్సర్‌లో బాగున్న ముద్ద గొట్టం చివరికొచ్చేసరికి బిగుసుకుంటుంది. నాజిల్ నుంచి దిగే పట్టీ అంచు ముందు గరుకుగా, తర్వాత చిరిగినట్టు వస్తుంది. అప్పుడైనా పంపు ఆపకపోతే గొట్టం జామ్. ఇసుకను ముందే తడిపి పెడితే చాలావరకు దారికొస్తుంది, కానీ ప్రతి లోడుకీ తడి కొలవాలి. చవగ్గా వస్తుందని తెచ్చేవాళ్లు బద్ధకించేది సరిగ్గా అక్కడే.

కొత్తగా_చేరా:
గాజు కలిపితే క్షారాలతో చర్య జరిగి కాంక్రీటు పగులుతుందని విన్నానే?

మిక్స్_డిజైన్:
ముతకగా ఉంటే ఆ భయం ఉంది. పిండిలా నూరితే అదే గాజు సిమెంటుకు తోడుగా పనిచేస్తుంది, ఆ చర్యనూ అణుస్తుంది. నూరడానికయ్యే కరెంటు మాత్రం లెక్కలో వేసుకోవాలి.

గోడల_పిచ్చి:
సరే, ఫ్లైయాష్ ఎన్నాళ్లు దొరుకుతుంది? బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరులో మూతపడింది. మంచి స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం) చాలావరకు ఇప్పటికే మామూలు సిమెంటులోకి పోతోంది. దాన్ని అక్కడి నుంచి లాక్కొచ్చి ప్రింటర్‌లో పోస్తే భూమికి ఒరిగేదేంటి? ఇక్కడ తగ్గినట్టు కనిపించింది అక్కడ పెరుగుతుంది, అంతే.

మిక్స్_డిజైన్:
స్లాగ్ విషయంలో మీతో వాదించను. అందుకే నా ఓటు కాల్చిన బంకమట్టికి. సగం క్లింకర్, 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి పొడి, మిగతాది జిప్సం. మట్టికి 700 నుంచి 850 డిగ్రీలు చాలు, క్లింకర్‌కేమో 1450 దాకా వెళ్లాలి. ఈ మిక్స్ త్వరగా చిక్కబడుతుందని మామూలు పనుల్లో తిట్టుకుంటారు. ప్రింటింగ్‌కు కావాల్సింది అదే!

గోడల_పిచ్చి:
మరి అది వ్యర్థం ఎలా అవుతుంది? తవ్వి తెచ్చిన మట్టేగా?

మిక్స్_డిజైన్:
కేయోలిన్ (తెల్ల బంకమట్టి) గనుల్లో పనికిరాదని పక్కన పోసే నాసిరకం మట్టి కూడా దీనికి సరిపోతుంది. అయినా వ్యర్థమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు, క్లింకర్ ఎంత తగ్గిందన్నదే ముఖ్యం.

గోడల_పిచ్చి:
అయితే చదరపు మీటరు గోడకు ఎంత క్లింకర్ పట్టిందో అంకె చూపించమనండి. ఆ అంకె లేని 'గ్రీన్' బోర్డును నేను పట్టించుకోను.

పంపు_దగ్గర_మనిషి:
ఆ అంకెలో మధ్యలో కూలిపోతే పారేసిన ప్రింట్లు కూడా కలపమని చెప్పండి.