తమ్ముడి సంవత్సరీకానికి వాడి యూనిట్ జవాన్ల కోసం ఏదైనా చేయాలనుంది, దారి చెప్పండి

జవాన్ అన్న
మా తమ్ముడు ఆర్మీలో పనిచేస్తూ లద్దాఖ్‌లో అమరుడయ్యాడు. వచ్చే నెల సంవత్సరీకం. ఊళ్ళో విగ్రహం పెడదామని అందరూ ముందుకొచ్చారు, వాళ్ళ అభిమానానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ వాడు ఎప్పుడు ఫోన్ చేసినా తోటివాళ్ళ కబుర్లే ఎక్కువ చెప్పేవాడు. వాళ్ళింకా ఆ కొండల్లోనే ఉన్నారు. వాడి పేరు మీద వాళ్ళకేమైనా అందాలని నాన్న కోరిక. ఏం పంపాలి, ఎలా పంపాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మాజీ సుబేదార్
బాబూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. వస్తువులు కొనకముందే యూనిట్‌కి ఒక ఉత్తరం రాయండి. సీఓ (కమాండింగ్ ఆఫీసర్) గారికో, సుబేదార్ మేజర్ గారికో రాస్తే చాలు. తమ్ముడి ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు పెట్టండి. తన మనిషిని యూనిట్ మరిచిపోదు. ఏం కావాలో వాళ్ళే చెబుతారు.

చలిబట్టల జోలికి మాత్రం పోవద్దు. సియాచిన్ లాంటి చోట చలి మైనస్ 50 డిగ్రీల దాకా వెళ్తుంది. అక్కడ వేసుకునే బూట్లు, కోట్లు ప్రత్యేకంగా తయారైనవి, సర్కారే ఇస్తుంది. బజారు స్వెటర్లు అక్కడ ఆగవు. మాకు కరువుగా ఉండేది కాలక్షేపం. మంచు పడి దారులు మూసుకుపోయాక రోజు గడవదు. క్యారమ్ బోర్డు, చదరంగం, వాలీబాల్ పంపితే కంపెనీలోని జవాన్లంతా వాడుకుంటారు. ఇక తెలుగు పుస్తకాలంటారా, మా కాపలా పోస్టులో ఒక పాత వారపత్రిక అట్ట ఊడిపోయేదాకా చేతులు మారేది. మా భాష రాని కుర్రాళ్ళు కూడా బొమ్మలు చూసేవాళ్ళు.

తపాలా ఉద్యోగి
చిరునామా గురించి నేను చెబుతాను. ఊరి పేరు, రాష్ట్రం పేరు రాయకూడదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 9తో మొదలయ్యే పిన్‌కోడ్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాయాలి. తూర్పు వైపు యూనిట్లకైతే 99 ఏపీఓ ఉంటుంది. అక్కడి నుంచి ఆర్మీ పోస్టల్ సర్వీస్ చూసుకుంటుంది. యూనిట్ చోటు మారినా ఉత్తరం వెతుక్కుంటూ వెళ్తుంది. కొరియర్‌కు ఇవ్వకండి, పోస్టాఫీసులోనే ఇవ్వండి. లైటర్లు, స్ప్రేలు, మంటంటుకునేవి ఏవీ పెట్టకూడదు. నూనె పచ్చళ్ళు కారితే పక్కవాళ్ళ ఉత్తరాలు కూడా పాడవుతాయి. పొడులు పంపండి.

హవల్దార్ భార్య
అన్నయ్యగారూ, మీరు అడిగింది పార్సిల్ గురించే, కానీ నేను వేరే మాట చెప్పాలి. మా ఆయన బోర్డర్‌లో ఉన్నప్పుడు ఆయన టెన్షనంతా ఇంటి గురించే. మామయ్యగారికి గుండె నొప్పి వచ్చిన రాత్రి పక్కింటి వాళ్ళు కారు తీశారు, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ వంతులవారీగా తోడున్నారు. మా ఆయనకు సెలవు దొరికే పరిస్థితి లేదు. “ఇక్కడ మేమున్నాం, నువ్వు నీ డ్యూటీ చూసుకో” అని పక్కింటి అంకుల్ ఫోన్‌లో అన్న మాటతో ఆయన గొంతు కుదుటపడింది. నేను పక్కనే ఉండి విన్నాను.

పొలం పాస్‌బుక్ పని, పిల్లల సర్టిఫికెట్లు, కరెంటు వాళ్ళ చుట్టూ తిరగడం... ఇవన్నీ మాలాంటి వాళ్ళం ఒంటరిగా చేసుకుంటాం. మీ మండలంలో ఇప్పుడు సరిహద్దులో ఉన్నవాళ్ళ ఇళ్ళు ఎన్నున్నాయో కనుక్కోండి. మీ తమ్ముడి పేరు మీద నెలకోసారి ఎవరైనా ఆ గుమ్మం తొక్కితే, ఆ కబురు అదే రాత్రి కొండ మీదికి చేరుతుంది. నా దృష్టిలో ఏ పార్సిలూ దీనికి సాటిరాదు.

ఆడిట్ ఉద్యోగి
డబ్బు రూపంలో ఇవ్వాలనుకునేవాళ్ళు ఒకటి గమనించండి. విరాళాలు తీసుకునే ‘భారత్ కే వీర్’ 2017లో మొదలైంది, అది సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల అమరుల కుటుంబాలకు. సైన్యంలో అమరులైన, గాయపడినవాళ్ళ కుటుంబాల నిధికి 2022లో వచ్చిన ‘మా భారతీ కే సపూత్’ వెబ్‌సైటు ఉంది. డిసెంబర్ 7న జెండాలు ఇచ్చి సేకరించే పతాక నిధి 1949 నుంచి నడుస్తోంది. అది మాజీ సైనికులకు, వీరపత్నులకు, వాళ్ళ పిల్లలకు వెళ్తుంది. వాట్సాప్‌లో తిరిగే అకౌంట్ నంబర్లకు వేయకండి. అనుమానముంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

సూర్యాపేట వాసి
విగ్రహాన్ని కాదనకండి అన్నా. గల్వాన్‌లో 2020లో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు గారి విగ్రహం మా ఊళ్ళో ఉంది. చిన్నపిల్లలు ఎవరాయన అని అడుగుతారు, మేం చెబుతాం. అమ్మకు చూసుకోవడానికి కొడుకు రూపం ఒకటి ఉండాలి కదా. రెండూ చేయండి.

మాజీ సుబేదార్
నిజమే. ఇంకొక్క మాట. బడిపిల్లల చేత ఉత్తరాలు రాయించండి, జవాన్లు జవాబు రాస్తారు. ఆ జవాబుల్ని, యూనిట్ వివరాల్ని ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టవద్దు.

జవాన్ అన్న
అందరికీ దండాలు. నాన్న చెబుతుంటే రాత్రి ఉత్తరం రాశాను, పొద్దున పోస్ట్ చేశాను. విగ్రహం పని ఊరి పెద్దలు చూసుకుంటామన్నారు. అక్కా, మీ మాట అమ్మకు చదివి వినిపించాను. మా పక్క తండాలో ఒకబ్బాయి ఇప్పుడు కశ్మీర్‌లో ఉన్నాడట. వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ ఆగిపోయి ఉంది. బుధవారం నేనూ అమ్మా తీసుకెళ్తున్నాం. తపాలా అన్నగారూ, పుస్తకాలు అట్టపెట్టెలో పంపాలా, గుడ్డ కుట్టి పంపాలా?

తపాలా ఉద్యోగి
గట్టి అట్టపెట్టె, లోపల ప్లాస్టిక్ కవరు, పైన గుడ్డ కుట్టండి. చిరునామా గుడ్డ మీద చెరగని ఇంకుతో రాసి, ఇంకో కాగితం మీద రాసి లోపల కూడా పెట్టండి.